స్పెయిన్ తాపస్: బార్‌లో అడిగి తినే తీరు, ఇంట్లో వండుకునే తీరు

తాపస్ అంటే స్పెయిన్ బార్లలో పానీయంతోపాటు చిన్న పళ్లాలలో తినే చిరుతిళ్లు. తాపస్ బార్‌లో అడుగుపెట్టగానే మెనూ అంతా చదివి, ఇంటిల్లిపాదికీ కావలసిన అయిదారు పదార్థాలను ఒకేసారి చెప్పేయడం స్పెయిన్‌కు మొదటిసారి వెళ్లిన మనవాళ్లు సాధారణంగా చేసే పని. హోటల్లో కూర్చోగానే అందరికీ కలిపి ఆర్డర్ ఇచ్చేయడం మనకు అలవాటు కనుక అందులో పొరపాటు ఉందని తోచదు. అయితే అలా చెప్పినప్పుడు వంటింట్లో ఏది ముందు తయారైతే అది బల్ల మీదికి వచ్చేస్తుంది. నూనె ఇంకా సలసల మరుగుతుండగానే తినవలసిన రొయ్యలు, పై పొర కరకరలాడుతుండగా తినవలసిన క్రొకేతాస్ అనే వేపుడు ఉండలు, చల్లగా తినవలసిన సల్మొరేహో అనే చిక్కని టమాటా సూప్ ఒకే ఇరుకు బల్ల మీద చేరి, ఏది ముందు తినాలో తేల్చుకునేలోగా అన్నీ ఒకే గోరువెచ్చదనానికి వస్తాయి. మన పటాల్లో సెవిల్ అని కనిపించే సెవియ్యా నగరంలో మా మొదటి సాయంత్రం అలాగే గడిచింది. మా పక్కనే నిలబడి తింటున్న పెద్దాయన మాత్రం ఒక గ్లాసు, ఒక చిన్న పళ్లెం తీసుకుని, నిదానంగా పూర్తిచేసి, డబ్బు చెల్లించి వీధిలోని మరో బార్ వైపు నడిచారు. కొంచెం అడిగి, అది తిన్నాక మళ్లీ కొంచెం అడగడమే తాపస్ తినే పద్ధతి అని నాకు అప్పుడే అర్థమైంది. ఈ వ్యాసంలో చెప్పే మిగిలిన సూచనలన్నీ ఆ పద్ధతి నుంచి వచ్చినవే.

తాపస్‌కు ఏకవచనమైన తాపా అంటే మూత అని అర్థం. కప్పడం అనే అర్థమున్న తపార్ అనే క్రియకు అది చుట్టం. గ్లాసులో దుమ్ము, ఈగలు పడకుండా పైన రొట్టె ముక్కనో మాంసపు పలుకునో పెట్టేవారని, అదే క్రమంగా చిరుతిండిగా మారిందని చెబుతారు. ఫలానా రాజుగారి వల్ల ఈ ఆచారం పుట్టిందనే కథలు కూడా ప్రచారంలో ఉన్నాయిగాని వాటిని కథలుగా వినడమే మంచిది. తినేవారికి నిజంగా అవసరమయ్యేది పరిమాణాలకు సంబంధించిన మూడు మాటలు. తాపా అంటే ఒకరు నాలుగైదు ముద్దల్లో ముగించగల చిన్న పళ్లెం. రాసియోన్ అంటే ఇద్దరు ముగ్గురు పంచుకునే పెద్ద పళ్లెం. మేదియా రాసియోన్ అంటే అందులో సగం. ఒకే పదార్థానికి మెనూలో రెండు మూడు ధరలు కనిపిస్తే అవి ఈ పరిమాణాలవని గ్రహించాలి. కొన్ని చోట్ల బల్ల దగ్గర కూర్చున్నవారికి రాసియోన్ మాత్రమే ఇచ్చి, తాపా పరిమాణాన్ని కౌంటర్ దగ్గర నిలబడినవారికే పరిమితం చేస్తారు. బయట వీధిలో వేసిన కుర్చీలలో కూర్చుంటే ధర కాస్త పెరగడం కూడా మామూలే. కాళ్లలో ఓపిక ఉన్నంతవరకు కౌంటర్ దగ్గర నిలబడమనే నా సలహా. ఏ పళ్లెంలో ఏముందో కళ్లారా చూడవచ్చు, పేరు తెలియకపోయినా వేలితో చూపి అడగవచ్చు.

వేళ విషయంలో మన కడుపును కొంత మార్చుకోవాలి. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు గంటల తరువాత, రాత్రి భోజనం తొమ్మిది తరువాత. మధ్యాహ్నం నాలుగున్నర నుంచి రాత్రి ఎనిమిది వరకు చాలా వంటిళ్లు మూసే ఉంటాయి. ఆ సమయంలో తెరిచి ఉన్న బార్‌లో పానీయాలు, ఆలివ్ కాయలు, చల్లని పదార్థాలు దొరుకుతాయిగాని పొయ్యి మీద వండినవి దొరకవు. చిన్నపిల్లలతోనో, వేళకు తినవలసిన మధుమేహ రోగులతోనో వెళ్లేవారు ఈ విరామానికి సరిపడా పండ్లు, రొట్టె ముందే దగ్గర పెట్టుకోవడం అవసరం. తాపస్ కోసం మంచి వేళలు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతం, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతం.

ఊరిని బట్టి ఆచారం మారుతుంది. గ్రనాదాలో, అలాగే హయేన్, అల్మెరియా, లెయోన్ నగరాల్లో పానీయం అడిగితే దానితోపాటు ఒక తాపా ఉచితంగా ఇచ్చే అలవాటు ఇప్పటికీ ఉంది. ఏ తాపా ఇవ్వాలో చాలా చోట్ల బార్‌వాళ్లే నిర్ణయిస్తారు కనుక మాంసం తిననివారు పానీయం అడిగేటప్పుడే ఆ సంగతి చెప్పాలి; పళ్లెం వచ్చాక చెబితే ఇబ్బంది ఇద్దరికీ. సెవియ్యాలో తాపాకు విడిగా డబ్బు చెల్లించాలి. అక్కడ 1670లో మొదలైనట్టు చెప్పుకునే ఎల్ రింకొన్సియ్యో అనే బార్‌లో ఎవరెంత ఇవ్వాలో చెక్క కౌంటర్ మీదే సుద్దముక్కతో రాసి లెక్కగడతారు. ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, ముఖ్యంగా సాన్ సెబాస్తియాన్ పాతబస్తీలో, తాపాకు బదులు పిన్చో అనే మాట వినిపిస్తుంది. గుచ్చడం అనే అర్థం నుంచి వచ్చిన పేరది; రొట్టె ముక్క మీద పదార్థాన్ని పేర్చి పుల్ల గుచ్చి కౌంటర్ నిండా వరుసగా పెడతారు. కళ్ల ముందున్న వాటితోనే కడుపు నింపుకోకుండా గోడమీది పలకలో రాసిన వేడి పిన్చోలను కూడా అడిగి చేయించుకోవాలి, ఎందుకంటే ఆ బార్ వంటవారి పనితనం ఎక్కువగా వాటిలోనే తెలుస్తుంది. లొగ్రోన్యోలోని లౌరెల్ వీధిలో అయితే ఒక్కో బార్‌కు ఒక్కో వంటకం పేరు తెచ్చిపెట్టింది. అక్కడ పెనం మీద వెల్లుల్లి నూనెతో కాల్చిన పుట్టగొడుగులను మూడేసి పేర్చి రొట్టె మీద నిలబెట్టి ఇస్తారు. పైన చిన్న రొయ్య ఉంటుంది కనుక శాకాహారులు రొయ్య లేకుండా ఇమ్మని ముందే అడగాలి.

శాకాహారులు, గొడ్డుమాంసం తిననివారు గమనించవలసినవి

ఈ భాగాన్ని కొంత విస్తారంగా రాయవలసి ఉంది, ఎందుకంటే మన కుటుంబాల్లో చాలామందికి తాపస్ బార్‌లో ఎదురయ్యే అసలు ఇబ్బంది ఇదే. స్పెయిన్‌లో కార్నే అనే మాట మాంసం అనే అర్థంలోనే ఉన్నా, మాటల్లో చాలామంది ఎండబెట్టిన పందిమాంసమైన హమోన్‌ను, ట్యూనా చేపను ఆ లెక్కలో వేయరు. మాంసం లేకుండా ఇమ్మని అడిగినవారికి హమోన్ తురుము చల్లిన కూర రావడంలో వారి దురుద్దేశమేమీ ఉండదు. అందువల్ల "నో కోమో కార్నే, ని పెస్కాదో, ని హమోన్" అని, అంటే మాంసంగాని చేపగాని హమోన్‌గాని తినను అని, మూడింటినీ విడివిడిగా చెప్పాలి. "సోయ్ బెహెతరియానో" అంటే నేను శాకాహారిని అని అర్థం. స్త్రీలు బెహెతరియానా అనాలి. ఏదైనా పళ్లెం గురించి అనుమానం ఉంటే "కే యేవా?" అని, ఇందులో ఏమేమి ఉన్నాయని అడగవచ్చు.

ఇలా అడిగాక కూడా తినడానికి చాలానే మిగులుతుంది. బంగాళాదుంప ముక్కలను వేయించి ఎర్రని కారపు సాస్ పోసే పతాతాస్ బ్రావాస్, నూనెలో వేయించి రాళ్ల ఉప్పు చల్లే పద్రోన్ మిరపకాయలు, టమాటా గుజ్జు రాసిన రొట్టె, బాదంపప్పు, వెల్లుల్లితో చేసే తెల్లని చల్లని సూప్ అహోబ్లాంకో, చల్లని టమాటా సూప్ గస్పాచో వంటివి చాలావరకు నిశ్చింతగా అడగవచ్చు. కోర్దోబాలో సన్నగా తరిగిన వంకాయ ముక్కలను వేయించి పైన చెరకు పాకం పోసి ఇస్తారు. పేరులో తేనె అనే అర్థమిచ్చే మియెల్ అనే మాట ఉన్నా అక్కడ వాడేది సాధారణంగా చెరకు రసాన్ని కాచిన నల్లని పాకమే, కనుక బెల్లపు పాకం రుచి ఎరిగిన నాలుకకు అది వెంటనే పరిచయమవుతుంది. సల్మొరేహో మీద ఉడికిన గుడ్డు, హమోన్ ముక్కలు చల్లడం రివాజు. వాటిని వద్దని చెబితే మిగిలేది టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె. క్రొకేతాస్ చాలావరకు హమోన్‌తోనే చేస్తారు కనుక పాలకూరవో చీజ్‌వో ఉన్నాయేమో అడిగి తీసుకోవాలి. కలగలుపు సలాడ్‌లో ట్యూనా చేప దాదాపు తప్పకుండా ఉంటుంది. సంప్రదాయ చీజ్‌లలో పాలు విరగ్గొట్టడానికి గొర్రెపిల్ల కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడడం ఉంది. వేయించే నూనె చేపలకు, కూరగాయలకు ఒకటే కావచ్చు. నియమం గట్టిగా పాటించేవారు ఈ రెండు సంగతులను తెలుసుకుని తమ హద్దు తామే గీసుకోవాలి.

మాంసం తిన్నా గొడ్డుమాంసం ముట్టనివారు తెర్నేరా, రాబో దె తోరో, కాయ్యోస్, సెసీనా అనే పేర్లను గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది. మొదటిది దూడ లేదా లేత పశువు మాంసం, రెండోది తోక కూర, మూడోది పశువు పొట్ట ముక్కల వంటకం, నాలుగోది ఎండబెట్టిన గొడ్డుమాంసం. అల్బొందిగాస్ అనే మాంసపు ఉండల్లో గొడ్డు, పంది మాంసాలను కలపడం సాధారణం. కోడిని పోయ్యో అని, గొర్రెపిల్ల మాంసాన్ని కొర్దేరో అని అంటారు.

మద్యం తీసుకోనివారు మోస్తో అడగవచ్చు. పులియబెట్టని ద్రాక్షరసమైన ఈ పానీయాన్ని చాలా బార్లలో చిన్న గ్లాసులో చల్లగా, కొన్నిసార్లు ఒక ఆలివ్ కాయతో ఇస్తారు. బీరు కావలసినవారు కాన్యా అంటే దాదాపు 200 మిల్లీలీటర్ల చిన్న గ్లాసు వస్తుంది. తిన్నదానికి వెంటవెంటనే చెల్లించనక్కరలేదు. వెళ్లేముందు "లా క్వెంతా, పోర్ ఫవోర్" అంటే లెక్క చెబుతారు. పిన్చో బార్లలో తిన్న పుల్లలను పళ్లెంలోనే ఉంచాలి, కొన్ని చోట్ల వాటిని లెక్కపెట్టే బిల్లు వేస్తారు. టిప్పు తప్పనిసరి కాదు. చిల్లర వదిలిపెడితే చాలు.

ఇంట్లో వండుకోవడం

ఇంట్లో తాపస్ అనగానే పది రకాలు చేయాలని పూనుకోకూడదు. నలుగురికి నాలుగు రకాలు సరిపోతాయి. ఒకటి ముందురోజే చేసి ఉంచగలిగేది, ఒకటి గది వేడిమిలో బాగుండేది, ఒకటి అయిదు నిమిషాల్లో పొయ్యి మీద నుంచి నేరుగా వచ్చేది, ఒకటి అసలు వండనక్కరలేనిది ఉండేలా ఎంచుకుంటే వండేవారు కూడా అందరితో కలిసి తినగలుగుతారు.

సరుకుల్లో వెతికి తెచ్చుకోవలసినది పిమెంతోన్ అనే మిరపపొడి. ఎస్త్రెమదూరా ప్రాంతంలోని లా వేరాలో పండిన మిరపకాయలను ఓక్ కట్టెల పొగలో ఎండబెట్టి విసురుతారు కాబట్టి దానికి పొగ వాసన ఉంటుంది. తియ్యనిది, మధ్యరకం, కారమైనది అని మూడు రకాలు ఉంటాయి. ఇంటికి తియ్యనిది చాలు. అది దొరకనప్పుడు మన ఇంటి గుంటూరు కారం వేస్తే కారం తప్ప మరేదీ తెలియదు. రంగు ఎక్కువ, కారం తక్కువ ఉన్న వరంగల్ చపాటా మిర్చి పొడి దానికి దగ్గరగా ఉంటుంది. పొగ వాసన కూడా కావాలనుకుంటే వండిన గిన్నె మధ్యలో చిన్న స్టీలు కప్పు ఉంచి, అందులో కణకణలాడే బొగ్గు వేసి, దానిమీద నాలుగు చుక్కల నూనె పోసి మూడు నిమిషాలు మూత పెట్టాలి.

మొదట చేసి చూడవలసినదిగా నేను ఎవరికైనా చెప్పేది సెవియ్యా పాలకూర శనగలు, అంటే ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్. ఇందులో మన వంటింట్లో లేని వస్తువు దాదాపు ఏదీ లేదు, అయినా రుచి మన పాలకూర శనగపప్పుకు చాలా దూరంగా ఉంటుంది. 200 గ్రాముల కాబూలీ శనగలను రాత్రంతా నానబెట్టి, ఉప్పు వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఉడికిన నీటిని ఒక కప్పు తీసి ఉంచాలి. 400 గ్రాముల పాలకూరను కడిగి, తరిగి, వేడి బాణలిలో నీళ్లు పోయకుండా మగ్గించి, చల్లారాక చేత్తో గట్టిగా పిండాలి. తరువాత నాలుగు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనెలో నిన్నటి రొట్టె రెండు ముక్కలను బంగారు రంగు వచ్చేదాకా వేయించి తీసి, అదే నూనెలో అయిదు వెల్లుల్లి రెబ్బలను లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించి తీయాలి. రొట్టె, వెల్లుల్లి, ఒక చెంచా జీలకర్ర, కొద్దిగా ఉప్పు రోట్లో వేసి దంచి, ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ కలిపి ముద్ద చేయాలి. ఈ ముద్దను అక్కడ మహాదో అంటారు. చిక్కదనం, పులుపు, వాసన మూడూ దీనినుంచే వస్తాయి. మిక్సీలో మెత్తగా రుబ్బితే జిగురుగా మారుతుంది, కచ్చాపచ్చాగా ఉండడమే దీనికి అందం.

ఇక్కడ ఒక్క క్షణం జాగ్రత్త కావాలి. వెల్లుల్లి తీసిన నూనెను పొయ్యి మీద నుంచి దించి, మరుగు తగ్గాక మాత్రమే ఒకటిన్నర చెంచాల పిమెంతోన్ వేయాలి. మరిగే నూనెలో వేస్తే పొడి నల్లబడి వంటకమంతా చేదెక్కుతుంది, ఆ చేదును తరువాత ఏమి కలిపినా పోగొట్టలేము. పొడి నూనెలో కరిగి ఎర్రగా మెరవగానే పాలకూర వేసి కలిపి, పొయ్యి మీదికి మార్చి, శనగలు, మహాదో ముద్ద, తీసి ఉంచిన నీటిలో అర కప్పు చేర్చి సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచాలి. గరిటెతో తీస్తే జారిపోకుండా నిలిచేంత చిక్కబడాలి. పసుపు, ఉల్లిపాయ, కొత్తిమీర వేయాలనిపిస్తుంది; దయచేసి మొదటిసారి వేయకుండా చేయండి. మన తాలింపులో చిటపటలాడే జీలకర్ర ఇక్కడ దంచిన రొట్టెలో కలిసినప్పుడు ఎంత భిన్నంగా పరిమళిస్తుందో ఆ ఒక్క ముద్దలోనే తెలుస్తుంది.

రెండోది తోర్తియ్యా, బంగాళాదుంపల అట్టు. 600 గ్రాముల దుంపలను మూడు మిల్లీమీటర్ల మందంలో తరిగి, ఒక పెద్ద ఉల్లిపాయను సన్నగా తరిగి, ఉప్పు కలిపి, పావు లీటరు నూనెలో సన్నని సెగ మీద ఇరవై నిమిషాలకు పైగా మగ్గనివ్వాలి. స్పెయిన్‌లోనూ ఎన్నో ఇళ్లలో పొద్దుతిరుగుడు నూనె వాడతారు కనుక ఖరీదైన ఆలివ్ నూనె లేదని వెనుకాడనవసరం లేదు. దుంపలు వేగి ఎర్రబడకూడదు. గరిటె అంచుతో నొక్కితే విరిగిపోయేంత మెత్తబడాలి. వాటిని జల్లెడలో వేసి నూనె వడగట్టాలి; ఆ నూనె మళ్లీ పనికొస్తుంది. ఆరు గుడ్లను నురగ రాకుండా కలిపి, దుంపలు గోరువెచ్చగా ఉన్నప్పుడే అందులో వేసి పావుగంట కదపకుండా ఉంచాలి. దుంపలు గుడ్డును పీల్చుకోవడానికి ఈ విరామం చాలా ముఖ్యం.

22 సెంటీమీటర్ల నాన్‌స్టిక్ పెనంలో ఒక చెంచా నూనె కాగాక మిశ్రమం పోసి, మొదటి నిమిషం మెల్లగా కలిపి, తరువాత అంచులను లోపలికి సర్దుతూ మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. తిప్పడమే అందరికీ భయం కలిగించే ఘట్టం. మన అంచున్న కంచం దీనికి పనికిరాదు, తిరిగి పెనంలోకి జార్చేటప్పుడు అట్టు ఆ అంచుకు తగిలి విరుగుతుంది. పెనం కన్నా వెడల్పయిన చదునైన మూతను గాని, అంచులేని పళ్లేన్ని గాని తడిపి పెనం మీద బోర్లించి, అరచేతితో గట్టిగా అదిమి, సింకు మీద ఒక్క ఊపున తిప్పాలి. సగంలో ఆగితే గుడ్డు పక్కనుంచి కారుతుంది. జార్చాక అంచులను గుండ్రంగా లోపలికి నొక్కి మరో రెండు నిమిషాలు ఉంచితే చాలు. లోపల కాస్త జారుగా ఉండాలని అక్కడివారు ఇష్టపడతారుగాని చిన్నపిల్లలకు, గర్భిణులకు పెట్టేటప్పుడు పూర్తిగా ఉడికించాలి. ఉల్లిపాయ వేయాలా వద్దా అనే వాదం స్పెయిన్‌లో ఎన్నడూ తెగదు. నేను వేసే పక్షమే, దుంపలకు ఆ తియ్యదనం లేకపోతే వెలితిగా ఉంటుంది.

వెల్లుల్లి రొయ్యలకు, అంటే గాంబాస్ అల్ అహియ్యోకు, అయిదు నిమిషాలు చాలు. 250 గ్రాముల రొయ్యలను ఒలిచి, నల్లని నరం తీసి, గుడ్డతో తడి పూర్తిగా అద్దాలి. ఆరు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనెలో పలుచగా కోసిన అయిదు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండుమిరపకాయ వేసి, వెల్లుల్లి రంగు మారడం మొదలవగానే రొయ్యలు వేసి రెండు నిమిషాలు మాత్రమే తిప్పి దించాలి. మనం ఇగురు చేసినంతసేపు ఉంచితే రబ్బరులా సాగుతాయి. చిన్న మట్టి మూకుడు ఉంటే అందులోనే వండి అలాగే వడ్డిస్తే నూనె వేడి నిలుస్తుంది. ఆ నూనెలో రొట్టె అద్దుకుని తినడం ఈ వంటకంలో సగం సుఖం. పద్రోన్ మిరపకాయలకు బదులు చిన్నవి, లేతవి అయిన బజ్జీ మిరపకాయలను కత్తి మొనతో ఒక గాటు పెట్టి, కొద్ది నూనెలో బొబ్బలెక్కేదాకా వేయించి రాళ్ల ఉప్పు చల్లవచ్చు. కొన్ని కారంగా ఉంటాయి, కొన్ని ఉండవు అనే సామెత పద్రోన్ కాయల గురించి గలీసియాలో ఉంది. అది బజ్జీ మిరపకూ అక్షరాలా వర్తిస్తుంది. వండనక్కరలేని నాలుగో రకంగా, కాల్చిన రొట్టె మీద పండు టమాటాను తురిమి, ఉప్పు, ఆలివ్ నూనె వేసే పాన్ కోన్ తోమాతే పెట్టుకోవచ్చు. తినే ముందు మాత్రమే రాయాలి, లేకపోతే రొట్టె నాని చితుకుతుంది.

వడ్డన కూడా బార్‌లో మాదిరిగానే సాగాలి. మొదట ఆలివ్ కాయలు, టమాటా రొట్టె. అవి ఖాళీ అయ్యాక ముక్కలుగా కోసి పుల్లలు గుచ్చిన తోర్తియ్యా. తరువాత పాలకూర శనగలు. అందరూ పొయ్యి చుట్టూ చేరాక చివరగా రొయ్యలు. పాలకూర శనగలను ముందురోజు రాత్రే చేసి పెట్టుకుంటే మరునాటికి జీలకర్ర, పిమెంతోన్ బాగా పట్టి ఇంకా రుచిగా ఉంటాయి. వేడిచేసేటప్పుడు రెండు చెంచాల నీళ్లు చల్లితే చాలు. మిగిలిన తోర్తియ్యాను ఫ్రిజ్‌లో ఉంచి, ఉదయం పొడవాటి రొట్టెను చీల్చి మధ్యలో పెట్టుకుంటే అది పిల్లల టిఫిన్ డబ్బాలోకి సరిపోతుంది.